పియానో సాధనకు వెయిటెడ్ మెట్ల మిడి కీబోర్డు, పెడళ్లు: ఏది చూసి తీసుకోవాలి?

రాత్రి_రాగం
నాలుగేళ్లుగా పియానో నేర్చుకుంటున్నాను. పాఠం గురువుగారి నిలువు పియానో మీద. ఇంట్లో సాధన మాత్రం 61 మెట్ల చిన్న మిడి కీబోర్డు (వాయించినదాన్ని అంకెలుగా కంప్యూటర్‌కు పంపేది) మీద, కంప్యూటర్‌లో పియానోటెక్ అనే పియానో సాఫ్ట్‌వేర్ పెట్టుకుని. నాకు తీరిక దొరికేది రాత్రి పది దాటాకే కాబట్టి హెడ్‌ఫోన్లు తప్పవు.

ఇన్నాళ్లూ సర్దుకున్నాను, ఇక వల్ల కావడం లేదు. ఇంట్లో మెత్తగా పలికించిన చోటే గురువుగారి పియానో మీద మెట్టు కిందికి దిగుతుంది కానీ సుత్తి తీగను తాకదు, స్వరమే రాదు. వారమంతా చేసిన సాధన పాఠం మొదలైన పావుగంటలో కరిగిపోతుంది. పెడల్ సంగతి ఇంకా అన్యాయం. చిన్న డబ్బాలాంటి స్విచ్ అది. సగం నొక్కడం అనేదే దానికి తెలియదు. పైగా నొక్కిన ప్రతిసారీ ముందుకు జారిపోతుంది, వాయిస్తూ వాయిస్తూ కాలితో వెతుక్కోవాలి.

నాకు నాబ్‌లు, ప్యాడ్‌లు, తెరలు ఏవీ అక్కర్లేదు. పియానో ఒక్కటే కావాలి. బల్ల పొడవు సరిగ్గా 130 సెంటీమీటర్లు. 88 మెట్లు ఉండి తీరాలా, 73 చాలా? కంట్రోలర్ (తనలో స్వరాలు లేని మిడి కీబోర్డు) కొనాలా, యూఎస్‌బీ ఉన్న డిజిటల్ పియానో కొనాలా? పెడల్ ఒకటి చాలా, మూడూ ఉండాలా? ఎన్నో సమీక్షలు చదివాను. అందరూ అన్నిటినీ పొగుడుతున్నారు.

తంత్రి88
88 మెట్లు, హ్యామర్ యాక్షన్ (మెట్టుతో పాటు సుత్తిలాంటి బరువు కదిలే ఏర్పాటు). ఈ రెండింటి దగ్గర రాజీ పడకండి. మిగతావన్నీ తరవాత ఆలోచించవచ్చు.

అనుమానం_పక్షి
తంత్రి88 గారూ, అంత తేలిగ్గా ఎలా చెబుతారు? మొజార్ట్ దగ్గర ఉన్న పియానోకు ఐదు ఆక్టేవులే (ఒక్కోటి పన్నెండు మెట్ల స్థాయి), 61 మెట్లే. బీథోవెన్ తొలి సొనాటాలు దాదాపు అన్నీ ఆ ఐదు ఆక్టేవుల్లోనే ఇమిడిపోతాయి. ఆవిడ ఏ సంగీతం వాయిస్తారో అడగకుండా 88 అనేయడం సరికాదు. 73 మెట్ల మంచి హ్యామర్ కీబోర్డు 88 మెట్ల నాసిరకం దానికంటే నయం.

తంత్రి88
ఆ లెక్కలో చిన్న మెలిక ఉంది. మొజార్ట్ పియానో ఎఫ్ అనే స్వరం నుంచి ఎఫ్ వరకు. ఇప్పటి 61 మెట్ల కంట్రోలర్ సీ నుంచి సీ వరకు. కింద ఎఫ్ నుంచి బీ వరకు ఉన్న స్వరాలు దీంట్లో ఉండవు. ఆక్టేవ్ బటన్ నొక్కి కిందికి దింపితే పైన ఉన్నవి పోతాయి. అంటే 61 మెట్లు ఉన్నా ఆ కాలపు సంగీతం కూడా పూర్తిగా దక్కదు.

ఇంకొక మాట. ఆవిడ గురువుగారి పియానోకు 88 మెట్లు ఉన్నాయి. శరీరం మధ్య సీ ఎదురుగా కూర్చుని దూరాలు నేర్చుకుంటుంది. ఇంట్లో ఒక పొడవు, పాఠంలో ఒక పొడవు అయితే ఎడమచేయి దూకవలసిన చోట ప్రతిసారీ తడబడుతుంది.

అనుమానం_పక్షి
ఎఫ్ సంగతి ఒప్పుకుంటున్నాను, నాకు తట్టలేదు. కానీ నాసిరకం 88 గురించి నేను అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

రాత్రి_రాగం
ఇప్పుడు వాయిస్తున్నవాటిలో ఎడమచేయి అట్టడుగుకు వెళ్లేవి రెండు ఉన్నాయి. నా కీబోర్డు మీద ఆ చోట్లు ఒక ఆక్టేవు పైకి జరిపి వాయిస్తున్నాను. గురువుగారికి ఇది నచ్చదు.

శ్రుతి_పనివాడు
పియానోలు బాగుచేసే పనిలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. డిజిటల్ వాటిని కూడా విప్పి చూశాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ప్రకటనల్లో 'వెయిటెడ్' అనే మాటకు అర్థం ఒకటి కాదు. సెమీ వెయిటెడ్ అంటే స్ప్రింగు, దానికి తోడు కొద్దిపాటి బరువు. మీరు నొక్కుతున్నది స్ప్రింగునే. అది కిందికి వెళ్లేకొద్దీ గట్టిపడుతుంది, వదలగానే వేలిని పైకి తోస్తుంది. అసలు పియానోలో జరిగేది దీనికి తలకిందులు. మొదట కదిలించడానికి బలం కావాలి, కదిలాక సుత్తి తన ఊపుతో తానే వెళుతుంది. హ్యామర్ యాక్షన్ ఉన్న కీబోర్డులో ప్రతి మెట్టుకూ ఒక చిన్న బరువు తిరుగుతుంది, అందుకే ఆ ఊపు వేళ్లకు తెలుస్తుంది. గ్రేడెడ్ అంటే ఎడమవైపు మెట్లు బరువుగా, కుడివైపువి తేలికగా ఉండటం. అసలు పియానోలో మంద్రస్థాయి సుత్తులు పెద్దవి కాబట్టి అలా ఉంటుంది.

రెండోది సెన్సర్లు. మెట్టు దిగుతున్నప్పుడు రెండు చోట్ల తాకుతుంది. ఆ రెండు తాకుళ్ల మధ్య కాలాన్ని బట్టే మీరు ఎంత గట్టిగా కొట్టారో కీబోర్డు లెక్కగడుతుంది. దానికి మీ బలం తెలియదు, వేగమే తెలుసు. రెండు సెన్సర్లే ఉంటే అదే స్వరాన్ని మళ్లీ పలికించడానికి మెట్టును దాదాపు పై వరకు రానివ్వాలి. మూడో సెన్సర్ ఉంటే సగం పైకి వచ్చాక మళ్లీ నొక్కినా పలుకుతుంది, మధ్యలో స్వరం తెగదు. పియానోలు తయారుచేసిన ఎరార్ 1821లో పేటెంట్ తీసుకున్న డబుల్ ఎస్కేప్‌మెంట్ గ్రాండ్ పియానోకు ఇచ్చిన వరం ఇదే. డిజిటల్ వాటిలో ఆ పనికి మూడో సెన్సర్ వచ్చింది.

మూడోది ఎవరూ చెప్పరు. మెట్టు తిరిగే ఇరుసు ఎంత వెనక ఉంది అన్నది. గ్రాండ్ పియానోలో మెట్టు మీకు కనిపించేదానికంటే చాలా పొడవు, లోపలికి వెళ్లిపోతుంది. బల్లమీద పెట్టుకునే కీబోర్డుల్లో చోటు లేక ఇరుసును ముందుకు తెస్తారు. అప్పుడు మెట్టు చివర నొక్కితే బాగానే ఉంటుంది. నల్ల మెట్ల మధ్యకు వేళ్లు పోయే తీగల్లో, అంటే మూడు నాలుగు నల్ల మెట్లున్న కార్డులలో, చేయి మొరాయిస్తుంది.

కొత్తచేతులు
ఇరుసు సంగతి నాకు అర్థం కాలేదు. మెట్టు ఒకటే కదా, ఎక్కడ నొక్కితే ఏమిటి తేడా?

శ్రుతి_పనివాడు
తలుపును గడియ దగ్గర తోయండి, వేలితో తెరుచుకుంటుంది. బందుల దగ్గర తోయండి, భుజం పెట్టాలి. మెట్టూ అంతే. ఇరుసు దగ్గరైనకొద్దీ బరువు పెరుగుతుంది, మెట్టు దిగే లోతు తగ్గుతుంది.

పైన తొందరలో 'తీగల్లో' అని రాశాను, స్వరాల గుంపుల్లో అని చదువుకోండి.

అనుమానం_పక్షి
నేను నాణేలు పేర్చి కొలిచాను. నా దాని మధ్య సీ ముందు అంచు మీద దాదాపు 55 గ్రాములు పెడితే దిగుతోంది. అసలు పియానోలో సుమారు 50 గ్రాములు అంటారు. అంటే నాది అసలుకు దగ్గరే కదా? కానీ అరగంట వాయిస్తే ముంజేయి లాగుతోంది. అందుకే ఈ సంఖ్యల మీద నాకు నమ్మకం లేదు.

శ్రుతి_పనివాడు
మీ అనుమానం న్యాయమైనదే. నాణేలు కొలిచేది నిదానంగా దిగేటప్పటి బరువు. వేగంగా వాయించేటప్పుడు వేళ్లకు తగిలేది జడత్వం, అంటే ఆ ముద్దను ఒక్కసారిగా కదిలించడానికి పట్టే శ్రమ. మేం పియానో మెట్లలో సీసం బిళ్లలు దిగ్గొట్టి నిలకడ బరువును 50కి తేగలం. బిళ్లలు ఎక్కువైతే అదే 50 గ్రాముల మెట్టు వేగంగా కొట్టేటప్పుడు రాయిలా ఉంటుంది. ఇంకొక పరీక్ష చేయండి. మెట్టు అడుగున ఉన్నప్పుడు నాణేలు తీసేస్తూ ఎన్ని గ్రాముల దగ్గర తనంతట తాను లేస్తుందో చూడండి. ఇరవైకి బాగా తగ్గితే మెట్టు లేవడానికి బద్ధకిస్తోందన్నమాట. ముంజేయి లాగడానికి అదీ ఒక కారణం కావచ్చు.

అనుమానం_పక్షి
కొలిచాను. పన్నెండు. ఇన్నాళ్లూ నా చేతులనే తప్పుపట్టాను.

పాఠాల_సరళ
పిల్లలకూ పెద్దలకూ పియానో నేర్పుతాను. కంట్రోలరా డిజిటల్ పియానోనా అన్న ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ జవాబు ఇవ్వలేదు, నేను చెబుతాను. డిజిటల్ పియానోనే తీసుకోండి, యూఎస్‌బీ ఉన్నది.

నా దగ్గర కంట్రోలర్ కొన్న శిష్యులు నలుగురు ఉన్నారు. కంప్యూటర్ తెరవాలి, సాఫ్ట్‌వేర్ తెరవాలి, ఆడియో పరికరం ఎంచుకోవాలి, ఈలోగా ఏదో నవీకరణ వస్తుంది. పది నిమిషాల తీరిక దొరికిన రోజున వాళ్లు మెట్ల దగ్గరికే వెళ్లరు. డిజిటల్ పియానో ఉన్నవాళ్లు మీట నొక్కి కూర్చుంటారు. రోజుకు రెండుసార్లు పది నిమిషాలు కూర్చునే మనిషి ఏడాదిలో ఎక్కడికి చేరతారో నేను కళ్లారా చూశాను.

పైగా లోపలి యాక్షన్ రెండింటిలోనూ ఒకటే కావచ్చు. రోలాండ్ ఏ-88 ఎంకే2 కంట్రోలర్‌లో ఉన్న పీహెచ్ఏ-4 యాక్షనే ఆ సంస్థ డిజిటల్ పియానోలైన ఎఫ్‌పీ-10లో, ఎఫ్‌పీ-30ఎక్స్‌లో ఉంది. మూడు సెన్సర్లూ ఉన్నాయి.

సుత్తి_తీగ
సరళ గారితో ఏకీభవించలేకపోతున్నాను. రాత్రి_రాగం గారు ఇప్పటికే పియానోటెక్ వాడుతున్నారు, కంప్యూటర్ తెరవడం ఆవిడకు అలవాటే. అలాంటివారు స్పీకర్లకూ లోపలి స్వరాలకూ ఎందుకు ఖర్చుపెట్టాలి? ఆ డబ్బంతా యాక్షన్‌లోకి వెళ్లాలి. కవాయ్ వీపీసీ1 చూడండి. 2013లో వచ్చింది. అందులో ఒక్క స్వరం కూడా లేదు. చెక్క మెట్లు, మూడు సెన్సర్లు, లెట్ ఆఫ్ (మెట్టు అడుగుకు చేరేముందు వేలికి తగిలే చిన్న గంటు), పెట్టెలోనే మూడు పెడళ్ల పలక. పియానోటెక్‌కు సరిపడే టచ్ కర్వ్ (ఎంత వేగానికి ఎంత గట్టిగా పలకాలో చెప్పే లెక్క) కూడా అందులోనే ఉంది. ఆరేళ్లుగా వాయిస్తున్నాను. ఇంతవరకు మరొకదాని వైపు మనసు పోలేదు.

పాఠాల_సరళ
మంచి వాయిద్యమే, కాదనను. కానీ పొడవు 138 సెంటీమీటర్లు, బరువు 29 కిలోలకు పైనే. ఆవిడ బల్ల 130 అన్నారు.

సుత్తి_తీగ
ఆ మాట నా కంటపడలేదు. బల్ల మార్చమని అడగవచ్చా?

రాత్రి_రాగం
గది మార్చవలసి వస్తుందండీ.

తంత్రి88
కొలతల సంగతి వచ్చింది కాబట్టి: తెల్ల మెట్టు వెడల్పు సుమారు 23.5 మిల్లీమీటర్లు, అవి 52. అంటే మెట్ల వరకే 122 సెంటీమీటర్లు. 130లో పట్టాలంటే రెండు పక్కలా కలిపి ఎనిమిదే మిగిలాయి. పిచ్ బెండ్ మీట (స్వరాన్ని వంచేది) ఎడమ పక్కన ఉన్న కంట్రోలర్లు ఆ కొలత దాటేస్తాయి. సరళ గారు చెప్పిన ఏ-88 ఎంకే2 అలాంటిదే. చాలా డిజిటల్ పియానోలకు ఆ మీట ఉండదు కాబట్టి కొన్ని పట్టేస్తాయి.

పాదపీఠం
అందరూ వేళ్ల గురించే మాట్లాడుతున్నారు, కాలిని మరిచిపోయారు. సగం పియానో కాలి కిందే ఉంది. ఈ మాట పదేళ్లుగా చెబుతున్నాను.

పెడల్ స్విచ్ రకం అయితే కంప్యూటర్‌కు రెండే అంకెలు పంపుతుంది, 0 గానీ 127 గానీ. అసలు పియానోలో పెడల్ నొక్కితే డ్యాంపర్లు (తీగల మోతను ఆపే ఫెల్టు దిమ్మలు) తీగల మీంచి లేస్తాయి, కానీ ఒక్కసారిగా కాదు. కొద్దిగా లేపితే ఇంకా తీగలను రాసుకుంటూనే ఉంటాయి, మోత పలచబడుతుంది కానీ ఆగదు. మంద్రస్వరం నిలిచి ఉండగా పైన శ్రుతులు మారే చోట మసక రాకుండా కాపాడేది ఆ అంచే. రాత్రి_రాగం గారు వెతుక్కుంటున్నది దాన్నే. దానికి కంటిన్యుయస్ పెడల్ కావాలి, 0 నుంచి 127 వరకు మధ్యలో ఉన్న అంకెలన్నీ సీసీ 64 (మిడిలో ఈ పెడల్‌కు కేటాయించిన సంఖ్య) మీద పంపేది.

మూడు తనిఖీలు చేయండి. పెడల్ ప్లగ్గు మీద నల్ల గీతలు ఎన్నో చూడండి. ఒకటే ఉంటే దాదాపు ఖాయంగా స్విచ్ రకం. రెండు ఉంటే కంటిన్యుయస్ కావడానికి అవకాశం ఉంది. తరవాత కీబోర్డు దాన్ని అర్థం చేసుకుంటుందా చూడాలి, చాలా కంట్రోలర్ల పెడల్ సాకెట్ స్విచ్‌ను మాత్రమే చదువుతుంది. చివరగా సాఫ్ట్‌వేర్. పియానోటెక్ చదువుతుంది. కొన్ని శాంపిల్ పియానోలు (రికార్డు చేసిన స్వరాలతో పలికే సాఫ్ట్‌వేర్లు) అంకె 64 దాటితే ఉంది, లోపైతే లేదు అన్నట్టే చూస్తాయి. ఈ గొలుసులో ఏ ఒక్క కొక్కెం తెగినా సగం పెడల్ దక్కదు.

జారిపోవడానికి మందు తేలిక. ప్లైవుడ్ పలక మీద పెడల్‌ను బిగించండి, ఆ పలక మీద మీ మడమ కూడా ఆనేలా చూసుకోండి. మీ బరువే దాన్ని పట్టి ఉంచుతుంది.

కొత్తచేతులు
నా పెడల్ ఒక్కోరోజు తలకిందులుగా పనిచేస్తుంది. నొక్కితే ఆగిపోతుంది, వదిలితే మోగుతూనే ఉంటుంది. పాడైందా?

పాదపీఠం
పాడవలేదు. కీబోర్డు ఆన్ చేసేటప్పుడు మీ కాలు పెడల్ మీద ఉండి ఉంటుంది. చాలా కీబోర్డులు ఆన్ అయ్యే క్షణంలో పెడల్ ఏ స్థితిలో ఉంటే దాన్నే 'వదిలిన స్థితి' అనుకుంటాయి. కాలు తీసి మళ్లీ ఆన్ చేయండి. ఎప్పుడూ తలకిందులుగానే ఉంటే అది పొలారిటీ తేడా. తయారీదారులందరూ ఒకే పద్ధతి పాటించరు. కొన్ని పెడళ్ల అడుగున దాన్ని మార్చే చిన్న మీట ఉంటుంది.

కొత్తచేతులు
కాలు మీద ఉంచే ఆన్ చేస్తున్నాను! కుర్చీలో కూర్చోగానే కాలు అక్కడికి పోతుంది. చాలా ధన్యవాదాలు, వేరేది కొనబోయాను.

అనుమానం_పక్షి
మూడు పెడళ్లు అవసరమా? మధ్యది వాడినవారు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?

సుత్తి_తీగ
నేను వాడతాను. సోస్టెనూటో, సీసీ 66. పెడల్ నొక్కే క్షణంలో ఏ మెట్లు అణిగి ఉన్నాయో వాటినే నిలబెడుతుంది, తరవాత వాయించినవి మామూలుగా ఆగిపోతాయి. అడుగున ఒక స్వరం నిలిపి రెండు చేతులతో పైన పొడిపొడిగా వాయించవలసి వస్తే దానికి సాటి లేదు.

పాఠాల_సరళ
అయినా రాత్రి_రాగం గారి గురువుగారిది నిలువు పియానో. చాలా నిలువు పియానోల మధ్య పెడల్ సోస్టెనూటో కాదు, సుత్తులకూ తీగలకూ నడుమ ఫెల్టు గుడ్డ దించి చప్పుడు తగ్గించేది. ఎడమది కూడా గ్రాండ్‌లో లాంటిది కాదు. గ్రాండ్‌లో అయితే యాక్షన్ మొత్తం పక్కకు జరిగి సుత్తి మూడు తీగలకు బదులు రెండింటినే తాకుతుంది, నాదం రంగే మారుతుంది. నిలువుదాంట్లో సుత్తులను తీగలకు దగ్గరగా తెస్తారు, అంతే. ఇప్పుడు ఒక్క మంచి డ్యాంపర్ పెడల్ చాలు. మూడు సాధారణ పెడళ్లకంటే ఒక్క నిఖార్సయినది మేలు.

పాదపీఠం
ఈ విషయంలో సరళ గారిది అక్షరాలా నిజం. అయితే తరవాత మూడూ కావాలనుకుంటే దారి మూసుకోకండి. కొన్ని మూడు పెడళ్ల పలకలకు ఆ సంస్థ సొంత ప్లగ్గు ఉంటుంది, మరొకదానికి పట్టదు.

లేటెన్సీ_వేటగాడు
ఏ కీబోర్డు కొన్నా కంప్యూటర్ వైపు సరిచేయకపోతే అది బరువుగా, బద్ధకంగా అనిపిస్తుంది. బఫర్ (కంప్యూటర్ శబ్దాన్ని పంపేముందు పోగుచేసే ముక్క) 512 శాంపిల్స్ ఉంటే 44,100 హెర్ట్జ్ దగ్గర 11.6 మిల్లీసెకన్ల ఆలస్యం, దానికి మిగతా దారి ఖర్చు అదనం. 128 పెడితే 2.9. గాలిలో శబ్దం మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లు పోతుంది. అంటే 10 మిల్లీసెకన్లంటే పియానోను మూడున్నర మీటర్ల దూరం నుంచి వింటూ వాయించడం. విండోస్ అయితే ఆసియో డ్రైవర్ (ఆ ఆలస్యం తగ్గించే సాఫ్ట్‌వేర్) తప్పనిసరి. బ్లూటూత్ హెడ్‌ఫోన్లు మాత్రం వద్దే వద్దు, తీగ ఉన్నవే పెట్టుకోండి.

అనుమానం_పక్షి
వెలాసిటీకి (మెట్టు ఎంత వేగంగా దిగిందో చెప్పే అంకెకు) 127 స్థాయిలు చాలవని, మిడి 2.0 వచ్చేదాకా ఆగాలని ఎక్కడో చదివాను.

లేటెన్సీ_వేటగాడు
ఆగనక్కర్లేదు. మిడి 1983 నాటిది, 1 నుంచి 127 వరకు. 2020లో వచ్చిన 2.0లో అది 16 బిట్లు, అంటే అరవై అయిదు వేల పైచిలుకు. ఈ మధ్యలో సీసీ 88తో అదనపు సూక్ష్మత పంపే దారీ ఉంది. కానీ ముందు మన వేళ్లు ఆ 127లో ఎన్ని వాడుతున్నాయో చూడాలి. మిడి-ఆక్స్ (కీబోర్డు పంపే అంకెలను చూపే సాఫ్ట్‌వేర్) తెరిచి ఒకే మెట్టును వీలైనంత మెత్తగా ఇరవైసార్లు, వీలైనంత గట్టిగా ఇరవైసార్లు కొట్టండి. నా పాత కీబోర్డు మీద మెత్తనివి 38 దగ్గర మొదలయ్యాయి, గట్టివి ఎంత కొట్టినా 104 దాటలేదు. సగం పియానో తాళం వేసి ఉన్నట్టే. పియానోటెక్‌లో వెలాసిటీ కర్వ్ సరిచేశాక అదే కీబోర్డు, అదే నేను, నాదం మాత్రం వేరు.

రాత్రి_రాగం
చాలా రోజుల తరవాత వస్తున్నాను. మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లి మూడు వాయిద్యాలు వాయించి చూశాను.

మొదటిది ఒక కంట్రోలర్. తెర చాలా అందంగా ఉంది. నాలుగు నల్ల మెట్ల కార్డు నొక్కితే శ్రుతి_పనివాడు గారు చెప్పిన తలుపు బందు వెంటనే గుర్తొచ్చింది. రెండోది రెండు సెన్సర్లది. మెల్లగా బాగుంది. ఒకే స్వరాన్ని వేగంగా మీటే చోట మూడింటికి ఒకటి రాలిపోయింది. మూడోది ఎఫ్‌పీ-30ఎక్స్. కార్డు కొంచెం బరువే కానీ మొరాయించలేదు, స్వరం రాలలేదు. మెట్టును చాలా నెమ్మదిగా దింపితే గురువుగారి పియానో మీద లాగానే పలకకుండా ఉండిపోయింది. నాకు కావలసిందే అది. పొడవు సరిగ్గా 130. అదే తెచ్చుకున్నాను, విడిగా డీపీ-10 పెడల్ కూడా.

ఇప్పుడు రెండు సమస్యలు. పియానోటెక్ తెరిస్తే హెడ్‌ఫోన్లలో రెండు పియానోలు వినిపిస్తున్నాయి. మిడి-ఆక్స్‌లో పెడల్ 0, 127 తప్ప మరేదీ చూపడం లేదు. ప్లగ్గు మీద గీతలు రెండు ఉన్నాయి!

పాఠాల_సరళ
మొదటిదానికి లోకల్ కంట్రోల్ ఆపేయండి. మెట్టు నొక్కగానే వాయిద్యం తన స్వరాన్ని తాను పలుకుతోంది, కంప్యూటర్ తనది తాను పలుకుతోంది. ఆపితే కంప్యూటర్‌దే మిగులుతుంది. కంప్యూటర్ తెరవని రోజున మళ్లీ ఆన్ చేసుకోవడం మరవకండి, లేకపోతే వాయిద్యం మూగబోయిందని కంగారుపడతారు.

పాదపీఠం
రెండోది ఇంకా తేలిక. డీపీ-10 పెడల్‌కే ఒక చిన్న మీట ఉంది, స్విచ్, కంటిన్యుయస్ అని రెండు స్థానాలు. మీది స్విచ్ వైపు ఉన్నట్టుంది. మార్చి, కాలు పెట్టకుండా వాయిద్యాన్ని ఆన్ చేయండి.

రాత్రి_రాగం
మార్చాను. 0, 7, 19, 34, 52... అంకెలు ఒక్కొక్కటే పైకి పాకుతున్నాయి! పాఠం పక్కన పెట్టి పావుగంట సేపు కాలితో వాటినే పైకీ కిందికీ ఆడించాను.

నిన్న రాత్రి వాయిస్తుంటే కింది అంతస్తువారు వచ్చి తలుపు తట్టారు. సంగీతం కాదు, దబదబమని చప్పుడు వస్తోందట. హెడ్‌ఫోన్లు పెట్టుకున్న నాకు ఆ సంగతే తెలియలేదు.

శ్రుతి_పనివాడు
హ్యామర్ యాక్షన్ ఉన్న ప్రతిదానికీ ఇది ఉంటుంది. మెట్టు అడుగున తగిలే దెబ్బ బల్ల కాళ్ల గుండా నేలలోకి దిగుతుంది, గాలిలో కంటే గోడల్లో, నేలలో బాగా పాకుతుంది. బల్ల కాళ్ల కింద మందపాటి రబ్బరు, దాని మీద బరువైన పలక, పలక మీద కాళ్లు. పలచని తివాచీతో ఫలితం ఉండదు. పెడల్ పలక కింద కూడా రబ్బరు వేయండి, సగం చప్పుడు మడమదే అయి ఉంటుంది.

అలాగే ఎత్తు చూసుకోండి. తెల్ల మెట్ల పైభాగం నేల నుంచి 73 సెంటీమీటర్లు ఉంటే పియానో ఎత్తు. మామూలు రాత బల్ల ఎత్తే అంత ఉంటుంది, దాని మీద వాయిద్యం పెడితే భుజాలు పైకి లేస్తాయి.

రాత్రి_రాగం
కొలిచాను, 85 ఉంది. భుజం నొప్పి వయసు వల్ల అనుకున్నాను. కుర్చీ ఎత్తు పెంచితే సరిపోతుందా?

శ్రుతి_పనివాడు
పెంచితే పాదం నేలకు ఆనదు, పెడల్ పోతుంది. బల్ల కాళ్లు కోయించండి, లేదా ఎత్తు మార్చుకునే స్టాండు తీసుకోండి. ఎక్స్ ఆకారంది వద్దు, గట్టిగా వాయిస్తే ఊగుతుంది, మోకాళ్లకు అడ్డం వస్తుంది.

సుత్తి_తీగ
చివరికి బల్ల మార్చవలసే వచ్చింది కదా, వీపీసీ1 సంగతి ఇంకొకసారి ఆలోచిస్తారా?

రాత్రి_రాగం
గది ఇప్పటికీ అదేనండీ.

బల్ల కాళ్లు 12 సెంటీమీటర్లు కోయించాను. రబ్బరు, పలక వేశాక కింది వారిని అడిగాను, ఇప్పుడు వినిపించడం లేదన్నారు. నిన్న పాఠంలో మెత్తని చోటు మొదటిసారే పలికింది. గురువుగారు ఏమీ అనకుండా తరవాతి పుట తిప్పారు.

కొత్తచేతులు
పెడల్ పలక కొలతలు చెబుతారా? నేనూ చేయించుకుంటాను.

రాత్రి_రాగం
పొడవు 45, వెడల్పు 30 సెంటీమీటర్లు, మందం 18 మిల్లీమీటర్లు. పెడల్‌ను ముందు అంచుకు బిగించాను, వెనక 20 సెంటీమీటర్లు మడమకు వదిలాను. మొదట 12 వదిలాను, చాలలేదు.